పెయ్యలో సగం సారుది

పోయిన వారం మా వాకిట్లో పసుప్పచ్చ వ్యాను ఒకటి నిలబడింది. టై కట్టుకున్న మనిషి దిగి, మీ ఇంట్లో మూడో తరగతికి పోయే పాప ఉండాదంట కదమ్మా, మా బళ్ళో చేర్పించండి అని మొదులుపెట్టినాడు. ఏసీ రూములంట. ఈత కొలనంట. వాకిట్లోనే ఎక్కించుకుని వాకిట్లోనే దించుతారంట. నేను అంతా విని అడిగినా: "అదంతా సరేనప్పా. ఇంత ఎండలో ఇల్లిల్లూ తిరుగుతా ఉండావే, నీకేం పని పడింది?"

ఆ మనిషి రంగురంగుల కాగితం ఒకటి అరుగు మీద పెట్టి వ్యానెక్కి పోయినాడు. మా ఆయన లోపల్నుంచి వచ్చి, ఇంటికొచ్చినోళ్ళకు నీళ్ళు కూడా ఇయ్యకుండా అదేం అడగడమని కసురుకున్నాడు. నాకూ వింతగానే ఉండింది. ఆ మాట నాది కాదు. ఆ గొంతు కూడా నాది కాదు. అది మా పెద్దత్తది.

పెద్దత్త అంటే మా ఆయనకు పెద్దమ్మ. ఐరాల పక్కన మా ఊళ్ళో, మా గోడకు ఆనుకునే ఆమె ఇల్లు. పోయిన కార్తీకంలో కాలం చేసింది. ఇప్పుడు మా ఇంట్లో ఉండే పాప ఆమె మనవరాలే. పాప తల్లి, పెద్దత్త కూతురు, తడ పక్క ఫోన్లు బిగించే కంపెనీలో పని చేస్తా, ఆడనే హాస్టల్లో ఉంటాది. పాప నాయన సంగతి పెద్దత్త ముందర ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నేనూ ఎత్తను.

ఆమెకు దేని మీదా నమ్మకం ఉండేది కాదు. పుట్టుకతోనే అట్టనో, బతుకు అట్ట చేసిందో నాకు తెలీదు, నేను కాపరానికి వచ్చేసరికే అట్ట ఉండింది. ఏది కనబడినా చేతి నడిమేలు మడిచి, ఆ కణుపుతో తట్టి చూసేది. కుండైతే సరే, పనసకాయైతే సరే, ఎవరైనా తట్టి చూస్తారు. ఆమె కొత్తగా కట్టిన మిద్దె గోడ తట్టేది, ట్రాక్టరు చక్రం తట్టేది, ఎవరింటికో వచ్చిన కొత్త కోడలు తెచ్చుకున్న బీరువా తట్టేది. తట్టి, ఒక కన్ను మూసుకుని, చెవి వొంచి వినేది. విన్నాక ఒకటే మాట: "దీంట్లో ఏదో ఉండాది."

పుట్టినప్పట్నుంచి ఎక్కే బస్సే అయినా, ఎక్కేటప్పుడు కండక్టర్ని అడిగేది ఇది ఐరాల పోతాదా అని. కూర్చున్నాక పక్కనున్నోళ్ళని అడిగేది. దిగేటప్పుడు డ్రైవర్ని అడిగేది, ఇది ఐరాలేనా అని. కాణిపాకం గుడికి పోతే చెప్పులు బయట విడిచేది కాదు, సంచిలో పెట్టుకుని చంకలో ఇరికించుకునేది. దేవుడి మీద నమ్మకం లేదా అత్తా అంటే, దేవుడి మీద ఉండాది మే, దేవుడికాడికి వచ్చేటోళ్ళ మీద లేదు అనేది.

ఆమె ఎట్ట ఆలోచన చేసేదో నాకు తెలిసింది సంతలో. ఆవు కొనాలని నన్ను తోడు పిలుచుకోనిపోయింది. ఒకాయన మంచి ఆవును పట్టుకోనుండాడు. నిగనిగలాడతా ఉండాది. పొదుగు చూసినా, పండ్లు చూసినా వంక పెట్టేదానికి లేదు. అత్త అన్నీ చూసి ఆఖర్న అడిగింది, ఇంత మంచి ఆవును ఎందుకమ్ముతా ఉండావప్పా అని. ఊరికే అవ్వా, ఇంట్లో జాస్తి ఉండాయి అన్నాడు. ఆమె ఇంకో మాట లేకుండా నడిచింది. నాకు మనసంతా ఆ ఆవు మీదనే ఉండింది. అవతల ఒక బక్క మనిషి బక్క ఆవుతో నిలబడి ఉండాడు. ఆయన్నీ అదే అడిగింది. బోరు ఎండిపాయవ్వా, మేత కొని పెట్టలేకపోతా ఉండా, రోజూ దాని మొహం చూడలేను అన్నాడు. ఆ ఆవునే కొనింది.

దావలో నాకు చెప్పింది. "ఊరికే అనేటోడి దగ్గర ఏమీ కొనొద్దు మే. పనుండి వచ్చినోడి దగ్గర కొను. వాడి పనేందో తెలిస్తే, వాడు ఎంతవరకూ నిజం చెప్తాడో నీకు తెలిసిపోతాది."

మనవరాల్ని బళ్ళో వెయ్యాల్సిన ఏడు వచ్చేసరికి మా ఊరి బడి సగం చచ్చి ఉండింది. ఒకప్పుడు ఇద్దరు సార్లు ఉండేవాళ్ళు. ఒకాయన బదిలీ అయిపోతే ఇంకెవరూ రాలేదు. ఉండేది ఒకే సారు, ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అందరికీ ఆయనే. ఊళ్ళో కాస్త జరుగుబాటు ఉండేటోళ్ళంతా వ్యానెక్కిస్తా ఉండారు. ఇంకా కొంచెం పిలకాయలు తగ్గితే మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని మెయిన్ రోడ్డుకు అవతలుండే పెద్ద బళ్ళో కలిపేస్తారని చెప్పుకునేవాళ్ళు. ఆ రోడ్డు సంగతి మా దిక్కు వాళ్ళకు చెప్పక్కర్లేదు. మామిడికాయల కాలంలో లోడు లారీలు, ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి. పెద్దోళ్ళం మేమే పైట పట్టుకుని పరిగెత్తి దాటతాం.

అప్పుడే తల్లుల ఖాతాలో సర్కారు డబ్బులేసేది మొదులైంది. బిడ్డ ఏ బళ్ళో సదివినా ఇస్తారు. ఊరంతా సంతోషపడింది. పెద్దత్త మాత్రం మా అరుగు మీద కూర్చుని, మన చేతికిచ్చి యాడికన్నా పొండి అంటా ఉండారే, ఆ డబ్బుతో ఈడికే ఇంకో సారును పంపించకూడదా, దీంట్లో ఏదో ఉండాది అనబట్టింది. మా ఆయన ఊరుకోలేదు. ఎవరి బిడ్డను యాడ సదివించుకోవాలో వాళ్ళిష్టం, ఇష్టం మన చేతికి రావడం మంచిదే కదా పెద్దమ్మా అన్నాడు.

"రెండు ఆవులుండి, ఒకదానికి మేత పెట్టకుండా మాడ్చి, నీకేది కావాలంటే అది పట్టకపో అంటే అది నా ఇష్టమా నాయనా?"

మా ఆయన కూడా గట్టోడే. మాడిన ఆవు పాలిచ్చేదాకా పిలకాయలు ఆకలితో ఉండాల్నా, మేము మా పిల్లోళ్ళను చిత్తూరు పంపితిమి, ఈ పొద్దు వాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటా ఉండారు కదా అన్నాడు. ఆ మాట నిజమేనని ఆమెకూ తెలుసు. అందుకే ఆ ఎండాకాలమంతా ఆమెకు కంటికి నిద్ర లేదు. ఇంట్లో ఆ పాప ఒక్కటే ఆమెకు మిగిలింది. దాన్ని యాడ వెయ్యాలనేది తప్ప ఇంకో ధ్యాస లేకపోయింది.

ముందర వ్యాను బడి నుంచి ఒక పడుచాయన వచ్చినాడు. పేదోళ్ళకు ఫీజు లేని సీట్లు ఉండాయి, పాపకు ఒకటి ఇప్పిస్తామన్నాడు. ఫీజు లేదనగానే ఆమె ఒక కన్ను మూసింది. నీకెందుకు ఇంత శ్రమ అనడిగింది. విద్యాసేవ అవ్వా అన్నాడు. అంతే, లేచి పోయి దూడను విప్పుకుంది. ఆ మనిషి బయటికొచ్చి మా కుళాయి దగ్గర నీళ్ళు తాగతా నాతో అన్నాడు, ఇంతమంది పిలకాయల్ని తెస్తేగానీ ఎండాకాలం జీతం రాదక్కా, నా పెండ్లామేమో నీళ్ళోసుకుని ఉండాదని. నేను పోయి అత్తకు చెప్పినా. ఆమె, ఆ మాట నాతో చెప్పుంటే మజ్జిగిచ్చి కూర్చోబెట్టి మాట్లాడుండేదాన్ని కదే అనింది.

ఆ మరుసటి వారం ఊరి బడి సారు వచ్చినాడు. చిత్తూరు నుంచి స్కూటర్లో వచ్చే మనిషి. పుస్తకాలు ఊరికే, బ్యాగు ఊరికే, బూట్లు ఊరికే, గుడ్డు ఊరికే అని చెప్పుకుంటా పోయినాడు. పాపం, అన్ని ఊరికేలు ఒక్కసారిగా విన్నాక పెద్దత్త మొహం ఎట్ట మారిందో ఆయనకు తెలీదు, నాకు తెలుసు.

బడి తెరిచినాక పాల క్యాన్ పట్టుకుని, పాలు పోయడానికి పోతా ఉండేదాని మాదిరి ఆమె బడికాడికి పోయేది. కొత్తగా రంగులేసిన గోడను తట్టింది, పెచ్చు ఒకటి రాలి చేతిలో పడింది. దాన్ని కొంగులో కట్టుకుని వచ్చి నాకు చూపించింది. ఇంకో దినం ఇంకా పెద్ద సంగతి మోసుకొచ్చింది. ఆ సారు పిలకాయలకు పాఠం చెప్పకుండా కక్కసుదొడ్డికి ఫోటో తీస్తా ఉండాడంట. తరవాత గుడ్లకు ఫోటో తీసినాడంట. తరవాత వరసగా కూర్చోబెట్టి పిలకాయల మొహాలకంట. ఈమె నిలబడలేక అడిగేసింది, నువ్వు సదువు చెప్పే ఐవోరివా ఫోటోలు తీసేటోడివా అని. ఏం చెయ్యమంటావవ్వా, ఫోటో పంపకపోతే పైనోళ్ళు నమ్మరు అన్నాడంట ఆయన.

ఆ మాట చెప్పి అత్త నవ్వింది. ఆమె నవ్వడం మేము ఎప్పుడో గానీ చూసేవాళ్ళం కాదు. "సర్కారుకు నాకంటే అనుమానం ఎక్కువే మే" అనింది.

అయినా పాపను చేర్చలేదు. ఆమెకు ఇంకొకటి పట్టుకుంది. వంక అవతల గుడిసెల్లో ఉండే పిలకాయలు రోజూ ఆటోలో బడికి వస్తా ఉండారు. వాళ్ళ అమ్మానాయనలు కూలికిపోయేవాళ్ళు, ఆటోకు యాడ ఇస్తారు? ఆటో తోలేటోడ్ని నిలబెట్టి అడిగింది. సారే ఇస్తా ఉండాడవ్వా, ఎవరికీ చెప్పొద్దన్నాడని వాడు చెప్పేసినాడు.

ఊళ్ళో ఇంకెవరికి తెలిసినా, ఎంత మంచి సారు అనుండేవాళ్ళు. ఆమెకు భయం పట్టుకుంది. ఎవరి పిలకాయలకో తన జేబులోది ఎందుకు పెడతాడు? పాలు కొసరి పోసేటోడు నీళ్ళు కలిపుంటాడని నమ్మే మనిషి ఆమె. తల్లిదండ్రుల మీటింగు పెట్టినప్పుడు బడి వసారాలో అందరి ముందరా లేచి నిలబడింది. నేను కొంగు పట్టుకుని లాగినా, కూర్చోలేదు.

"ఆటోకు నువ్వే ఇస్తా ఉండావంట కదా సారూ. ఎందుకిస్తా ఉండావు?"

ఆయన మొహం ఎర్రబడింది. పిలకాయలు బాగా సదువుకోవాలని అని ఏదో మొదులుపెట్టినాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా కోసమే అవ్వా. వాళ్ళు రాకపోతే లెక్క తగ్గిపోతాది, పై తరగతులు పోతాయి, నా పోస్టు పోతాది. నన్ను కుప్పం దిక్కు యాడికో ఎత్తేస్తారు. మా అమ్మకు కిడ్నీలు పాడైపోయినాయి. వారంవారం చిత్తూరు ఆస్పత్రిలో రక్తం శుభ్రం చేయించాల. ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు."

వసారాలో గుసగుసలు లేచినాయి. అదీ సంగతి, మన పిలకాయల మీద ప్రేమ కాదన్నమాట అని ఒకరు. పనైపోతే లేచిపోతాడని ఇంకొకరు. మధ్యలో పోనని కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణం చేస్తావా సారూ అని ఒకాయన అడిగేసినాడు. సారు చేస్తానన్నాడు. అప్పుడు పెద్దత్త ఆ ప్రమాణం అడిగినాయన దిక్కు తిరిగింది.

"ప్రమాణమెందుకప్పా? చేసేటోడు ఎట్ట తప్పించుకోవాలో ముందే అనుకోనుంటాడు. ఈయనకు మనతో పనుండాది. నాకది చాలు."

మరుసటి దినం పాపకు తలకు పోసి, తనే చెయ్యి పట్టుకుని తీసుకోనిపోయి చేర్పించింది. ఆమెను చూసి ఇంకా కొంతమంది వ్యాను మానిపించి ఊరి బళ్ళో వేసినారు. అంత అనుమానం మనిషే వేసిందంటే సరిగ్గా చూసే ఉంటాదని.

అంతటితో ఆమె ఊరుకుందనుకోవద్దు. చెనిక్కాయలు చేటలో పోసుకుని పోయి బడి వసారాలో కూర్చుని వొలుస్తా, లోపల పాఠం వినేది. సారు గొంతు కాసేపు వినబడకపోతే కిటికీ దగ్గరికి పోయి చూసేది. ఆయన మొదుట్లో విసుక్కున్నాడు. తరవాత తరవాత, తను ఒకటో తరగతి చూసుకుంటా ఉంటే నాలుగో తరగతోళ్ళు అల్లరి చెయ్యకుండా చూడమని ఆమెకే అప్పగించినాడు. ఆమె ఒక కన్ను మూసి చూస్తే పిలకాయలు కిక్కురుమనేవాళ్ళు కాదు.

పాప రెండో తరగతికి వచ్చినాక సారు వాళ్ళమ్మ చనిపోయింది. నేనూ పెద్దత్తా చిత్తూరు పోయి చూసి వచ్చినాం. ఆయన మూలన మోకాళ్ళు పట్టుకుని కూర్చోనుండాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కినాక అత్త కండక్టర్ని ఏమీ అడగలేదు. నాకు భయమేసింది. చానా దూరం వచ్చినాక అనింది:

"ఇంక ఆయనకు మన ఊళ్ళో పనేముండాది మే?"

అప్పట్నుంచి ఆమె ధ్యాసంతా అదే. సారుకు ఒక పని కల్పించాల. పెండ్లి చేద్దామా అని కూడా అనుకుంది. అడిగితే ఆయన నవ్వేసినాడు. ఆఖర్న ఆమెకు తట్టింది పెయ్య. సంతలో కొన్న బక్క ఆవు వేసిన పెయ్య అది, అప్పటికి ఎదిగి ఉండింది. మా దిక్కు పెయ్యను వాటాకిచ్చే ఆచారం ఉండాది. పెయ్య ఒకరిది, మేపేది ఇంకొకరు, ఈనినాక చెరి సగం. ఈమె దాన్ని తిప్పింది. పెయ్యా నాదే, మేపేదీ నేనే, సగం నీది అనింది సారుతో. ఆయన వద్దన్నాడు, ఊరికే తీసుకోనన్నాడు. ఊరికే ఎవరిస్తారు నీకు, ఆదివారమాదివారం చిత్తూరు నుంచి తవుడు మూట తెచ్చి పడెయ్యాల అనింది.

నాకు మాత్రం చాటుగా చెప్పింది, ఆయన చెయ్యి కూడా దాని మీద పడితేనే కట్టు నిలబడేదని.

ఊళ్ళో ఊరుకుంటారా. మనవరాలికి మార్కులు వేయించుకునేదానికి సారును మేపుతా ఉండాదన్నారు. ఆమె వినిపించుకోలేదు. సారు ఆదివారం కూడా స్కూటరు ముందర మూట పెట్టుకుని వచ్చేవాడు. పెయ్య మెడ కింద గోకేవాడు. మునిమాపు దాకా కొట్టంలోనే నిలబడి, వాళ్ళమ్మ సంగతులు పెద్దత్తకు చెప్పేవాడు. అదీ ఆమె లెక్కలో ఉండిందో లేదో నాకు తెలీదు.

కార్తీకం వానల్లో పెద్దత్తకు జ్వరం పట్టుకుని వదల్లేదు. తిరపతి పెద్దాసుపత్రిలో వేసినాం. సెలైను బాటిలు కట్టినారు. కళ్ళు సరిగ్గా తెరవలేని మనిషి, చెయ్యి పైకెత్తి, నడిమేలు మడిచి ఆ బాటిల్ని తట్టింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినాయి. మరుసటి దినం పోయింది. మనవరాల్ని చూసుకోమని గానీ, సారును నిలబెట్టమని గానీ నాతో ఒక్క మాట చెప్పలేదు. పాపా, పెయ్యా మా ఇంటికి వచ్చినాయి. సారు ఆదివారం తవుడు తేవడం మానలేదు.

నిన్న ఆ పెయ్య ఈనింది. కోడెదూడే గానీ దిట్టంగా ఉండాది. బడి వదిలినాక సారు వచ్చినాడు, దూడ ఒళ్ళు గోనెపట్టతో తనే తుడిచినాడు. తుడిచి లేచి, చేతులు కడుక్కుని, "అక్కా, నా సగం పాప పేరు మీదనే పెట్టేయండి. నాకేమీ వద్దు" అన్నాడు.

మా ఆయన రెండు చేతులూ జోడించినాడు. ఈ కాలంలో మీ మాదిరి మనిషి యాడుంటాడు సార్ అన్నాడు. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. ఎప్పుడూ లేనిది ఈయన ఊరికే ఇస్తా ఉండాడు.

"సార్, బదిలీకి పెట్టుకున్నారా?"

ఆయన దూడ దిక్కే చూస్తా ఉండినాడు. "పెట్టుకున్నానక్కా. తిరపతి పక్కన వచ్చేటట్టుండాది. రేపు సాయంత్రం దాకా వెనక్కి తీసుకునేదానికి టైముండాది."

మా ఆయన చేతులు దిగిపోయినాయి. మీ బదులు ఎవరైనా వస్తారా అంటే సారు గోనెపట్టను మడత పెట్టబట్టినాడు. ఎవరూ రాకపోతే పై తరగతులు రోడ్డు అవతలికి పోతాయని మా అందరికీ తెలుసు. పాప ఈ ఏడు మూడో తరగతి. వాకిట్లో దూడ ముందర కూర్చుని దాని చెవులు పట్టుకుని చూస్తా ఉండాది. మాటలన్నీ వినింది. ఏమీ తెలీనట్టు కూర్చోనుండాది.

బతిమలాడదామని నోటిదాకా వచ్చింది. పోవద్దు సార్, మీ కాళ్ళు పట్టుకుంటాననాలని. అనలేదు. పొయ్యే మనిషిని బతిమలాడితే కన్నీళ్ళు పెట్టుకునే పోతాడు. నేను లోపలికి పోయి, పితికి పెట్టిన జున్నుపాలు స్టీలు క్యాన్లో పోసి, మూత బిగించి తెచ్చి ఆయన చేతిలో పెట్టినా.

"పాప పేరు మీద పెట్టేదేం లేదు సార్. మీ సగం మీరు తీసుకోవాల్సిందే. ఇది మీ వాటా జున్ను. క్యాన్ మాది, రేపు పొద్దున తెచ్చీండి."

ఆయన క్యాన్ స్కూటరుకు తగిలించుకుని పోయినాడు.

ఈ పొద్దు బడి గంటకు ముందే వచ్చినాడు. క్యాన్ తళతళలాడేటట్టు తోమి తెచ్చినాడు. ఆదివారం కాకపోయినా స్కూటరు ముందర తవుడు మూట ఉండింది. మా ఆయన దాన్ని చూసి, ఇంకేం, సారు నిలబడినట్టేనని నాకు సైగ చేసినాడు. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. టైము ఈ సాయంత్రం దాకా ఉండాది కదా. పొద్దుటి పాలల్లో సగం కొలిచి అదే క్యాన్లో పోసి, మూత బిగించి ఇచ్చి, ఈసారి సాయంత్రమే తెచ్చీండి సార్, చీకటిపడే ముందర అని చెప్పినా.